ఆషాఢానికి ముందు వేసిన రాయి

గొట్టాలకు ఇంకా ఐసు పట్టలేదు. తొట్టిలో అవి నల్లగానే ఉన్నవి, నీరు వాటి చుట్టూ కదలీ కదలనట్లు కదులుతున్నది, గోడకు అవతల కంప్రెసరు నిన్న సాయంత్రం నుండి ఒకే శ్రుతిలో గొణుగుతున్నది, తల ఎత్తి చూస్తే కప్పు లేదు. కప్పు ఉండవలసిన చోట పుంగనూరు ఆకాశం, ఆ ఆకాశమైనా కనబడక దాని చోట కార్తీకపు పొగమంచు. అది నాలుగు గోడల మధ్యకు నిదానంగా దిగివచ్చి, తొట్టి మీద వ్రాలి, నా కళ్లద్దాలను తడిపి, నా కోటు భుజాల మీద చిన్న చిన్న చుక్కలుగా నిలుస్తున్నది. అద్దాలు తీసి తుడుచుకొనుట, పెట్టుకొనుట, మరల తడిసిపోవుట. తెల్లవారి ఎంతసేపయినదో తెలియదు, వెలుగు ఎటు నుండి వస్తున్నదో కూడా తెలియదు, అన్ని వైపుల నుండి సమానంగా, పలుచని పాలవలె వస్తున్నది. పాలు అనుకొనగానే మనస్సు ఉలిక్కిపడుతున్నది. చౌడేపల్లె నుండి లారీ ఈపాటికి బయలుదేరి ఉంటుంది, అందులో ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవారు చీకటితోనే పిదికిన పాలు క్యాన్లలో కదులుతూ ఉంటాయి. ఈ గొట్టాలకు ఐసు పట్టి ఈ నీరు గడ్డకట్టే చలువకు దిగకపోతే, ఆ పాలను చల్లబరచే ఉపాయం ఈ భూమి మీద నా చేతిలో మరొకటి లేదు.

కుప్పం సేకరణ కేంద్రంలో మునిస్వామి టెలిఫోను పక్కన కూర్చొని ఉన్నాడు. అక్కడ సేకరించిన పాలు కూడా చల్లబడవలసినది ఇక్కడనే. నేను మొదలైనదని చెప్పిన తరువాతనే అతడు లారీని కదపవలెను, ఆ నియమం నేను పెట్టినదే. ఎండ ఎక్కకముందే చెప్పకపోతే ఆ పాలు అక్కడనే పాడవుతాయి, లేదా సందు చివర వ్యాను నిలబెట్టుకొని చూస్తున్న బెంగళూరు వ్యాపారి వాటిని పట్టుకొనిపోతాడు, వాటితోపాటు ఆ ఆడవారి నమ్మకాన్ని కూడా. చెప్పిన తరువాత ఇక్కడ ఐసు పట్టకపోతే రెండు ఊళ్ల పాలు కలిసి నా కళ్లముందే విరిగిపోతాయి. చూడకుండా ఎట్లా చెప్పను? నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసేవరకు కంటితో చూడని కొలతకు నేను సంతకం పెట్టలేదు. పాల సంఘంవారు నన్ను ప్రణాళికా సలహాదారుగా రమ్మన్నది అందుకే. ఆ గుణమే ఇప్పుడు కాళ్లకు అడ్డంపడుతున్నది. ఫిట్టరు బాలప్ప, పట్టడానికి ఇంకా కొంచెంసేపు కావచ్చు, పట్టకపోనూవచ్చు, పల్లెల్లో బోరు మోటార్లన్నీ ఈ వేళకు ఒక్కసారిగా కరెంటు లాగుతున్నాయి అని చెప్పి, మీటరులో ముల్లు చూసుకొనుటకు స్విచ్చిబోర్డు వద్దకు పోయాడు. బోర్డు మీద టార్పాలిన్ పట్ట. కంప్రెసరు మీద టార్పాలిన్ పట్ట. నా సర్వీసులో కప్పు లేని గదిలో యంత్రం బిగించిన ఇంజనీరు ఎవరైనా ఉండి ఉంటే అతనికి అదే రోజు మెమో ఇచ్చి ఉండేవాడిని.

పాల సంఘం మదనపల్లె ఆఫీసులో ఆ కంప్యూటరు తెర మీద పనికొకటి చొప్పున నీలిరంగు కడ్డీలు ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా వరుసలో నిలబడి ఉండేవి! మూడు ఊళ్లకు మూడు ఉపప్రాజెక్టులు, మూడు వేర్వేరు ఫైళ్లు, ప్రతిదానికీ దాని సొంత మొదలు తేదీ, మూడింటినీ కలుపుకొని పైన ఒక మాస్టరు ప్రాజెక్టు. ఒకచోట పేర్చినంత మాత్రాన అవి ఒకదాని మాట ఒకటి వినవని నేను ఆ కంప్యూటరుతో ఇచ్చిన మాన్యువలును ఆసాంతం చదివి గ్రహించాను. మాస్టరు తేదీని జరిపితే ఉపప్రాజెక్టులు కదలవు, ఎవరి తేదీని వారు పట్టుకొని కూర్చుంటారు, ఒకే ఇంటిలో ఉండి మాట్లాడుకోని అన్నదమ్ములవలె. వాటి మధ్య లింకు వేయవలెను. పుంగనూరులో యంత్రం ముగిసిన తరువాత కుప్పం లారీ, ఆ లారీ చేరిన తరువాత మదనపల్లెలో ప్యాకింగు. అంగళ్లు ఊరి కాలేజీలో చదివి మా వద్ద ఆపరేటరుగా చేరిన అర్చన ఒక కడ్డీ చివర నుండి మరొక కడ్డీ మొదటికి సన్నని గీత లాగేది, లాగగానే మూడు ఊళ్లూ ఒక్క ఊపిరితో కదిలేవి. గ్రాఫు కాగితం మీద ఇండియన్ ఇంకుతో ఇటువంటి కడ్డీలను ఎన్నిటినో గీసినవాడిని, ఒక్క తేదీ మారితే కాగితమంతా మరల గీసినవాడిని, నాకు అది స్వప్నంవలె ఉండేది. పుంగనూరు మొదలు తేదీని శ్రావణంలో పెట్టించాను. ఆషాఢంలో ఈ ప్రాంతంలో ఎవరూ గోడ లేపరని నాకు తెలియనిదా?

అయితే ఆషాఢం ఇంకా రాకముందే పుంగనూరు నుండి తిమ్మప్ప మేస్త్రి ఫోను చేశాడు, పని మొదలుపెట్టేసినామని. అబద్ధం కాదు. అతని ఎరుకలో అది నూటికి నూరుపాళ్లు నిజం. అర్చన ఆ తేదీని వాస్తవంగా మొదలైన తేదీ అనే గడిలో వేసింది, వేయగానే గీతలన్నీ బిగుసుకొని కుప్పం ముందుకు జరిగింది, మదనపల్లె ముందుకు జరిగింది, పాలు వచ్చే రోజు మార్గశిరం నుండి కార్తీకానికి వచ్చి కూర్చున్నది, అందునా సోమవారానికి. తిమ్మప్ప ఉత్సాహానికి నేనే మురిసిపోయాను. ఆ కాగితాన్ని ఆఫీసు తలుపుకు అంటించారు. చౌడేపల్లె మహిళా సంఘానికి పెద్ద అయిన నాగరత్నమ్మ ఏదో పనిమీద వచ్చి, అందులో ఏమున్నదని అడిగి చదివించుకొని, కార్తీక సోమవారం అన్న మాట వినగానే నేరుగా పోయి పల్లె పల్లెకు చెప్పింది.

తరువాత నేను పుంగనూరుకు వచ్చాను, కిటికీల మట్టానికి లేచి ఉండవలసిన గోడలను చూచుటకు. చౌడేపల్లె రోడ్డు మీద బస్సు దిగితే ఎండ తెల్లగా కాస్తున్నది, పొలం ఖాళీగా ఉన్నది, ఆ ఖాళీ నడుమ ఒక రాయి. ఒకే ఒక రాయి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, పక్కన కొబ్బరి చిప్ప, దాని చుట్టూ ఒక కోడి తాపీగా గీరుకుంటున్నది. ఎండలో నిలబడి నేను ఆ కోడిని చాలాసేపు చూస్తూ ఉండిపోయినట్లున్నాను. తిమ్మప్ప చెట్టు నీడ నుండి లేచి, తువ్వాలు దులుపుకొని, నా ముఖం చూచి నా మీద జాలిపడ్డాడు.

"పని ఎత్తుకున్నాము గదా సార్, అదో రాయి. ఆషాడంలో గోడ లేపమంటే యాడన్నా లేపుతారా? శ్రావణం రానీండి, మీరు వద్దన్నా నిలవదు."

మంచి రోజు దాటిపోకుండా ఒక రాయి వేసి ఉంచుకొనుట. మా నాయన బావికి అట్లాగే ఒక గడ్డపార పోటు వేసి వచ్చేవాడు, తవ్వకం పంటలు కోసిన తరువాత. అది నాకు తెలుసు, తిమ్మప్పకు తెలుసు, అర్చనకు కూడా తెలుసు, ఆమె తండ్రి ఇల్లు కట్టినప్పుడు అట్లాగే చేశాడట. మా అందరికీ తెలిసినది ఆ గడికి తెలియదు. మా అందరిలో ఒక్కరికైనా ఆ గడికి తెలియదన్న సంగతి తోచలేదు.

గొట్టాలు నల్లగానే ఉన్నవి. వంగి చూస్తున్నాను, నా ముఖం నీటిలో మసకగా వంగి నన్ను చూస్తున్నది, ఇంత ముసలివాడు ఎవరో ఇంత శ్రద్ధగా ఏమి వెతుకుతున్నాడో అన్నట్లు. తెల్లదనం కొరకు వెతుకుతున్నాను. కొడైకెనాల్‌లో ఒకసారి ఇందిరా నేనూ చూచిన తెల్లదనం, తెల్లవారి గడ్డి మీద ఎవరో ఉప్పు చల్లిపోయినట్లు. ఆమె చెప్పులు విడిచి దానిమీద కాలు పెట్టి వెంటనే తీసుకొన్నది, నవ్వింది, మరల పెట్టింది. ఇందిర సదుం పిల్ల. మా పెళ్లి నాటికి నేను మద్రాసులో ఇంజనీరింగు చదువుతున్నాను. తాళి కట్టి, నలుగురితో భోజనం చేసి, సాయంత్రానికి రైలుకు పోయాను. ఆమె సదుంలోనే పుట్టింట ఉండిపోయింది. నాకు ఉద్యోగం వచ్చి ఇల్లు కుదిరిన తరువాత ఒక పచ్చరంగు ట్రంకుపెట్టెతో పుంగనూరు బస్టాండులో దిగింది, ఇక్కడికి కూతవేటు దూరంలో. మా పెళ్లి ఏళ్లను నేను ఆ రోజు నుండి లెక్కపెట్టేవాడిని. ఆమె తాళి కట్టిన రోజు నుండి లెక్కపెట్టేది. ప్రతి ఏటా ఆ తగవు ఉండేది, నవ్వుతూ మొదలై ఒక్కొక్కసారి నవ్వకుండా ముగిసేది. సంసారం చేయని సంవత్సరాలను సంసారంలో ఎట్లా కలుపుతావని నేను, కలపకపోతే అవి ఎవరివి అని ఆమె. చివరి ఏట కూడా, మంచం మీద దిండుకు ఆనుకొని, అలసటతో కళ్లు మూసుకొనే అన్నది, "సదుంలో ఉంటే మాత్రం? ఆ పొద్దు నుంచి నేను ఆవుకు మేతేసినా మీ ఇంటి కోడలిగానే వేసినా." నేను దానికి తర్కబద్ధమైన జవాబు ఒకటి సిద్ధం చేసుకొన్నాను. ఆమె నిద్రపోయింది. ఆ జవాబు ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు.

గుర్తున్నది నాగరత్నమ్మ ఇంటి వసారా, పేడ, పచ్చిగడ్డి కలిసిన వాసన, నాకోసం దులిపి వేసిన కుర్చీ. తేదీ మారినదని స్వయంగా చెప్పవలెనని పోయాను, అది సభ్యత. రాయి సంగతి, గడి సంగతి, లింకుల సంగతి క్రమంగా వివరించాను. ఆమె దూడను కట్టివేస్తూ విన్నది. అంతకు ముందువరకు నన్ను సార్ అనీ మీరు అనీ పిలిచేది.

"తేదీ నీ పెట్టెలో మార్చుకుంటావేమో అప్పా, ఊర్లో యాడ మార్చేది? మద్రాసు పాలాయనకు ఆ పొద్దు నుంచి రావద్దని చెప్పేసినాము. వాని క్యాన్లు కడిగి బోర్లించినాము. ఆయప్ప వ్యానును వేరే దిక్కుకు మాట్లాడుకున్నాడు. ఆవులేమో ఆ పొద్దు కూడా పాలిస్తాయి."

కోపం లేదు ఆ మాటలో. అందుకనే నేను లేచి వచ్చేశాను. ఆఫీసుకు పోయి అర్చనతో, ముగింపు తేదీని కదలకుండా స్థిరపరచి అక్కడినుండి వెనక్కు లెక్కించమన్నాను, పుంగనూరు ఎప్పుడు మొదలుకావలసి ఉన్నదో చూతమని. కడ్డీలు ఒకసారి వణికి వెనక్కు జరిగి నిలబడ్డాయి. మొదలుకావలసిన రోజు, రాయి వేసిన రోజే. అందులో వింత ఏమీ లేదు, మెట్లు ఎక్కి అవే మెట్లు దిగితే బయలుదేరిన చోటికే వస్తాము. నేను అర్చనకు అట్లాగే వివరించాను. ఈ వార్త చౌడేపల్లెకు చేరేసరికి మరొక రూపం దాల్చినది. తిమ్మప్ప చెబితే సార్ నమ్మలేదు, ఇప్పుడు పెట్టె కూడా అదే చెప్పేసరికి నోరు మూతపడినాది అని నాగరత్నమ్మ అందరిలో అన్నదట, అందరూ నవ్వినారట. ఖండించుటకు నాకు మనస్సు రాలేదు.

పోయిన నెలను ఎక్కడినుండి తేవలెను? లింకులు తెంచి తేవలెను. గోడల తరువాత కప్పు, కప్పు తరువాత యంత్రం, ఇది నా జీవితమంతా నేను నమ్మిన వరుస. అర్చన వేలు మీటపై ఉంచి నా వైపు చూచింది. తల ఊపాను. కప్పుకూ యంత్రానికీ నడుమ ఉన్న గీత మాయమయింది, యంత్రం కడ్డీ జారుకుంటూ వచ్చి కప్పు కడ్డీ కిందనే నిలబడింది, కప్పు ఉన్నదో లేదో అనే చింత లేని పసిబిడ్డవలె. అప్పుడే ఆమె అడిగింది, పుంగనూరు మొదలైన తేదీ ఇంకా తప్పుగానే ఉన్నది, నిజంగా గోడ లేచిన తేదీ వేసి సరిచేయనా అని. ఏ తేదీ వేయవలెనో ఆలోచించి చెబుతానన్నాను. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది, తిమ్మప్ప గోడలు అతడు అన్న మాట ప్రకారం నిలవకుండా లేచాయి, నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

పొగమంచులో ఆటో చప్పుడు. లారీ కాదు. ఆటో డ్రైవరు ఎవరితోనో, ఇదే పాలాఫీసు అంటున్నాడు. ఇక్కడ రాయి తప్ప మరేమీ లేని రోజుల్లోనే బస్సు కండక్టర్లు ఈ చోటును పాలాఫీసు స్టాపింగు అని కేకవేసేవారు, నేను విన్నాను, విని అసంబద్ధమనుకొన్నాను. ఆ రాయి పడిన తరువాత ఈ పొలంలో ఎవరూ చెత్త వేయలేదు, ఎవరూ మేకలను తోలలేదు. గడప పక్కన గోడ అడుగు వరుసలో అది ఇప్పటికీ కనిపిస్తుంది, పసుపు మరకతో.

నాగరత్నమ్మ లోపలికి వచ్చింది, చేతిలో చెంబు, చెంబు మీద తడిగుడ్డ. లారీ వెనుక వస్తున్నదట, మలుపుల వద్ద దారి కనపడక నిదానంగా తోలుతున్నాడట, ఈలోగా రాహుకాలం వచ్చేస్తుందని తాను ముందుగా ఆటోలో వచ్చేసిందట. ఇదంతా నాకు కాదు, గోడలకు చెప్పుకుంటున్నట్లు చెప్పింది. గడప వద్ద వంగి ఆ రాయి మీద నాలుగు చుక్కలు వదిలింది. పాలు పోసే తొట్టి వద్దకు వచ్చి, కళ్లు మూసుకొని, చెంబులోని పాలను అందులో వంచింది. అంత పెద్ద తొట్టి అడుగున అవి ఒక అరచేయంత మేర తెల్లగా పరచుకొని నిలిచాయి.

"ఎత్తుకున్నాము. ఇంగ నువ్వు కుప్పానికి చెప్పు అప్పా."

గొట్టాలు నల్లగా ఉన్నాయని చెప్పాను. ఐసు కంటికి కనబడేవరకు చెప్పుట న్యాయం కాదనీ, అక్కడి ఆడవారి పాలకు నేను బాధ్యుడననీ చెప్పాను. ఆమె ఖాళీ చెంబును నడుముకు ఆనించుకొని పైకి, కప్పు లేని చోటికి చూచింది, తరువాత నా తడిసిన కోటును చూచింది.

"రాయి యేసినప్పుడు ఈడ గోడలుండాయా అప్పా?"

నా వద్ద జవాబు ఉన్నది. గోడకు కాలవ్యవధి ఉంటుంది, పాలకు ఉండదు, ఈ పోలిక సరికాదు. సరి అయిన జవాబే. ఇందిరకు సిద్ధం చేసుకొన్న జవాబు కూడా ఇట్లాగే సరి అయినదై ఉంటుంది. ఆమె కళ్లు మూసుకొని ఉన్నది, దిండు మీద ఆమె జుట్టు ఇంత పలుచగా, ఈ మంచువలె పలుచగా, ఆ పొద్దు నుంచి, ఆ పొద్దు నుంచి. నేను రోడ్డు దాటుతున్నానని నాకు రోడ్డు నడుమకు వచ్చిన తరువాత తెలిసింది. ఎదుట ఎస్టీడీ బూతు పసుపు దీపం ఒక్కటే కనిపిస్తున్నది, పాలలో వేసిన కుంకుమపువ్వువలె దాని చుట్టూ వెలుగు కరుగుతున్నది. కాలి కింద నేల ఉన్నదో లేదో, ఉన్నది కాబోలు, నడుస్తున్నాను కదా. వెనుక ఎక్కడో లారీ గేరు మార్చుకొన్న శబ్దం. అవతల కుప్పంలో గంట ఒక్కసారి మోగగానే మునిస్వామి రిసీవరు ఎత్తాడు.

"పంపేదా సార్? ఈడ ఎండ ఎక్కుతాండాది. ఆ బెంగళూరాయన రెండుతూర్లు వచ్చి సూసిపోయినాడు."

"మొదలైనది మునిస్వామీ. లారీని పంపించండి."

ఆ వాక్యం నా గొంతుతోనే వచ్చింది. చూడని దానిని చూచినట్లు చెప్పిన గొంతు ఇంత స్థిమితంగా ఉంటుందని నాకు తెలియదు. ఒక గీత ఎక్కడో బిగుసుకొన్నది, అడవి దారిలో ఒక లారీ కదిలింది, ఇక దానిని ఏ మీటా వెనక్కు తేలేదు.

తిరిగి వచ్చేసరికి చౌడేపల్లె లారీ గోడ పక్కన ఆగి ఉన్నది, క్యాన్లు దించుతున్నారు, మూతలు తీస్తున్నారు, పొగమంచులో పాల ఆవిరి కలిసి ఏది ఏదో తెలియడం లేదు. నేను గొట్టాలున్న నీటి తొట్టి వద్దకు పోయి కోటు విప్పి గోడ మీద వేశాను. చొక్కా చేయి మోచేతి పైకి మడిచాను. అద్దాలు తీసివేశాను, వాటితో ఇంతసేపు చూచినది చాలు. నీటిలో చేయి పెట్టితే ఎముక వరకు జివ్వుమన్నది. ఇంకా లోపలికి, గొట్టం వరకు. గొట్టం ఇనుమువలె లేదు. వేళ్లకూ ఇనుముకూ నడుమ ఏదో ఉన్నది, నున్నగా, మందంగా, గొట్టం పొడవునా. గోటితో గీరాను. పెంకువలె ఒక ముక్క ఊడి చేతికి వచ్చింది. పైకి తీస్తే అరచేతిలో అద్దంవలె, దాని కింద నా అరచేతి గీతలు కనిపిస్తున్నవి. నీటిలో గడ్డకట్టిన ఐసుకు తెలుపు లేదు. అది ఉన్నంతసేపూ నేను దాని గుండా నల్లని ఇనుమును చూస్తూ, లేదు లేదు అనుకొంటున్నాను. ఎప్పుడు పట్టడం మొదలైనదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ ముక్క కరిగి మణికట్టు మీదుగా జారిపోయింది.

బాలప్ప పంపు వేశాడు. పాలు ఒక వైపు నుండి గోరువెచ్చగా, ఆ తొట్టి నీటితో పాలను చల్లబరచే పలకల యంత్రంలోకి పోయి మరొక వైపు బయటకు వస్తున్నవి, బయటకు వచ్చే గొట్టం మీద సన్నని చెమ్మ చుక్కలు కట్టింది. నాగరత్నమ్మ దానిమీద అరచేయి ఉంచింది, తీయలేదు. "సల్లగుండాది" అన్నది, అంతే. ఆ చేతిని అట్లాగే తెచ్చి పక్కన నిలబడిన ఒకామె చెంపకు ఆనించింది, ఆమె ఉలిక్కిపడి వెనక్కు జరిగి తిట్టింది, లారీ చుట్టూ ఉన్నవారందరూ నవ్వారు. కుప్పం లారీ వచ్చేసరికి ఈ నీరు ఇంకా చల్లబడి ఉంటుంది.

బూతు నుండి కేకవేశారు, నాకు మదనపల్లె నుండి ఫోను. అర్చన. పాలు చల్లబడుతున్నవని చెప్పాను, ప్యాకింగుకు ముందు పాలు కాచుటకు బాయిలరు వెలిగించమన్నాను. ఆమె పక్కకు తిరిగి ఎవరికో ఆ మాట చెప్పింది, మరల వచ్చి, కొంచెం జంకుతూ, పుంగనూరు మొదలైన తేదీ ఇంకా పాతదే ఉంది సార్, ఈ రోజైనా సరిచేసేదా అని అడిగింది. బూతు అద్దం మీద చెమ్మ చారలుగా దిగుతున్నది. ఆ చారల సందున గోడలు కనిపిస్తున్నవి, వాటి మీద మొదటి ఎండ, దాని వెనుక బస్టాండుకు పోయే రోడ్డు.

"వద్దమ్మా. రాయి వేసిన పొద్దే ఉండనీ."

అవతల ఆమె అట్లాగే సార్ అన్నది, ఫోను పెట్టేసింది. నేను రిసీవరును ఇంకా చేతిలోనే ఉంచుకొని నిలబడ్డాను, బూతు యజమాని నన్ను చూస్తున్నాడు. నా చేయి ఇంకా చల్లగానే ఉన్నది. మీ పెళ్లి అయి ఎన్నేళ్లయిందని ఈ పొద్దు ఎవరైనా నన్ను అడిగితే బాగుండును.